విచారణకు ముందే తీర్పు

'ప్రిజుడిస్' అనే మాటకు ఇంగ్లీషులో రెండు అర్థాలు నడుస్తున్నాయి. మామూలు వాడుకలో అది ఎదుటివాళ్ల మీద ముందే పెట్టుకున్న దురభిప్రాయం. కోర్టులో మాత్రం నష్టం, హక్కుకు భంగం. రాజమండ్రి ప్లీడరు ఉత్తరం నెత్తిన 'వితౌట్ ప్రిజుడిస్' అని రాశాడంటే, దీనివల్ల మా కక్షిదారు హక్కులకు భంగం లేదని చెప్పుకుంటున్నాడన్నమాట.

రెండూ పుట్టింది రోమన్ న్యాయస్థానంలోనే. లాటిన్‌లో 'ప్రే' అంటే ముందు, 'జుడీషియం' అంటే తీర్పు. అసలు వ్యాజ్యానికి ముందు తేల్చాల్సిన సంగతి ఏదైనా ఉంటే, ఆ తేల్చడాన్ని 'ప్రేజుడీషియం' అనేవారు. అలా తేల్చే సంగతుల్లో ఒకటి, ఈ మనిషి స్వతంత్రుడా, బానిసా అన్నది. ముందు తేలిన మాట వెనకవచ్చే వ్యాజ్యాన్ని కట్టిపడేస్తుంది కాబట్టి నష్టమనే అర్థం వచ్చింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరాక, వినకుండానే ఒక నిర్ణయానికొచ్చే మనసుకూ అదే పేరు స్థిరపడింది.

ఆ పాత అర్థానికి సరిపోయే ఉదాహరణ రాజమండ్రిలోనే ఉంది. వితంతువులు మళ్లీ పెళ్లాడవచ్చని చట్టం 1856లోనే చెప్పింది. 1879లో సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం దాని మీద ఉపన్యాసాలు మొదలుపెట్టి, శాస్త్రం ఒప్పుతుందో లేదో వాదిద్దాం రమ్మన్నారు. వాదనకైతే కొందరు వచ్చారు గానీ ఊరి తీర్పు అప్పటికే అయిపోయింది. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుకూ గౌరమ్మకూ పెళ్లి చేసేసరికి శిక్ష సిద్ధంగా ఉంది. వెలి! వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ వీరేశలింగం గడప తొక్కడం మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి బిందెలు మోసి వండి పెట్టారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సర్దకపోతే ఉద్యమం అక్కడే ఆగిపోయేదేమో. ఆగలేదు. ఆ నెలలోనే రెండో పెళ్లీ జరిగింది.

ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఇంత గొడవా అయింది పై కులాల్లో. మారుమనువు చాలా కులాల్లో ఎప్పటినుంచో మామూలే. పై కులాలవాళ్లు దాన్ని తక్కువ ఆచారంగానే చూశారు. మొగుడు పోయిన పసిపిల్లకు ఓ తోడు దొరకడం ఎందుకు తక్కువో ఎవరూ అడగలేదు. అంతకంటే లోతైన ముందుతీర్పు కులం మీదే ఉంది. అది పుట్టుకతోటే చెప్పేస్తారు, అప్పీలు ఉండదు. కవి గరిమెళ్ల సత్యనారాయణ బ్రిటిషు పాలన మీద 'మాకొద్దీ తెల్లదొరతనము' అన్నప్పుడు, రాజమండ్రికే చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని జవాబు రాసింది అందుకే.

తెలుగులో ఈ మాటకు మనం పెట్టుకున్నవేవీ పూర్తిగా అతకవు. 'పక్షపాతం' ఒక పక్కకు ఒరగడం మాత్రమే. 'వివక్ష'కు సంస్కృతంలో అసలర్థం చెప్పాలనే కోరిక. తేడాగా చూడటమనే అర్థం తర్వాత అంటుకుంది, అదీ చేతకు పేరే గానీ మనసుకు కాదు. 'దురభిప్రాయం' కొంత దగ్గర, కానీ వినకుండానే తేల్చేశారన్న ముక్క అందులో లేదు. 'ముందుతీర్పు' అంటే ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. పత్రికలవాళ్లూ నిఘంటువులు కూర్చేవాళ్లూ ఈ మాటను ఒకసారి వాడి చూడాలి.