సుబాబుల్ ఆకులో విషం, మేక మూత్రంలో జవాబు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు బండి మీద వెళ్తుంటే రోడ్డు పక్కన సన్నటి ఆకులు, గుత్తులుగా వేలాడే గోధుమరంగు కాయలు ఉన్న చెట్లు కనిపిస్తాయి కదా, అదే సుబాబుల్. మేకలు ముందుకాళ్ళు లేపి మరీ అందుకుంటాయి. శామీర్‌పేట దాటితే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. అక్కడి ఫార్మా ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ అనే మెషిన్ మామూలు విషయం. ఈ చెట్టుకీ ఆ మెషిన్‌కీ ఒక పాత లింకుంది.

సుబాబుల్ పుట్టింది మెక్సికో వైపు. 1970ల చివర్లో బైఫ్ లాంటి సంస్థలు మన దేశంలో దీన్ని బాగా ప్రచారం చేశాయి. తొందరగా పెరుగుతుంది, ఆకులో ప్రొటీన్ దండిగా ఉంటుంది. తర్వాత ప్రకాశం, కృష్ణా రైతులు పేపర్ మిల్లుల కోసం ఎకరాలకెకరాలు వేశారు, అది వేరే కథ.

అయితే ఆకులో మిమోసిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఉంది. మన ప్రొటీన్లలో ఉండే రకం కాదిది. చూడ్డానికి టైరోసిన్‌లా ఉంటుంది, పని మాత్రం చెడగొడుతుంది. ఎక్కువ తింటే పశువు వెంట్రుకలు ఊడిపోతాయి. నెమరు వేసే జంతువుల్లో ఇంకో మెలిక. పొట్టలోని సూక్ష్మజీవులు మిమోసిన్‌ని డీహెచ్‌పీ అనే పదార్థంగా మార్చేస్తాయి. అది థైరాయిడ్‌ని దెబ్బతీస్తుంది. గొంతు దగ్గర వాపు, ఎంత మేపినా బరువు పెరగదు.

ఆస్ట్రేలియా పశువులకి సరిగ్గా ఇదే అయ్యింది. విచిత్రం ఏంటంటే, హవాయిలో మేకలు అదే ఆకు తిని హాయిగా ఉన్నాయి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్తకి ఇది నచ్చలేదు. ఆకు ఒకటే, జంతువూ ఒకటే, మరి తేడా ఎక్కడ? మేతలో ఏముందో కొలిస్తే దొరకదు. మా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ ఒకటే, మధ్యలో నడిచే కోడ్ వేరు. ఆ కోడ్ సూక్ష్మజీవులది. అందుకే పొట్ట రసం, రక్తం, మూత్రం చూడాలి.

చూడటమే కష్టం. ఇనుప లవణం కలిపితే మిమోసిన్, డీహెచ్‌పీ రెండూ రంగునిస్తాయి. రంగు చూసి ఏది ఎంతో ఎలా చెప్తాం? ముందు విడదీయాలి, తర్వాతే కొలవాలి.

ఈ విడదీసే విద్యకి కూడా గొర్రెలతో సంబంధం ఉంది! ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉన్ని పరిశ్రమ ల్యాబ్‌లో మార్టిన్, సింజ్ అనే ఇద్దరు ఉన్నిలోని అమైనో ఆమ్లాలను వేరుచేయడానికి 1941లో కొత్త క్రోమటోగ్రఫీ పద్ధతి తెచ్చారు. 1952లో నోబెల్ వచ్చింది. సన్నటి రేణువులు నింపి, ఎక్కువ ప్రెషర్‌తో ద్రవాన్ని తోస్తే ఇంకా బాగా విడిపోతాయని ఆ 1941 పేపర్‌లోనే రాశారు. అదే తర్వాత హెచ్‌పీఎల్‌సీ అయ్యింది. 1958లో మూర్, స్టైన్ వాళ్ళు అమైనో ఆమ్లాల లెక్కని ఆటోమేటిక్ మెషిన్‌కి ఎక్కించారు.

మామూలు అమైనో ఆమ్లాల్లో చాలావాటిని డిటెక్టర్ సరిగ్గా చూడలేదు, ఇంకో రసాయనం తగిలించాలి. మిమోసిన్‌కి ఆ గొడవ లేదు, దాని నిర్మాణం వల్ల అతినీలలోహిత కాంతిని తనే పీల్చుకుంటుంది. 1980లో మిమోసిన్, డీహెచ్‌పీ రెండిటినీ హెచ్‌పీఎల్‌సీతో విడివిడిగా కొలిచే పద్ధతి ప్రచురితమైంది.

ఇక జోన్స్ దగ్గరికి వద్దాం. హవాయి మేకల మూత్రంలో డీహెచ్‌పీ చాలా తక్కువగా కనిపించింది. అంటే వాటి పొట్టలో ఎవరో దాన్ని తినేస్తున్నారు! హవాయి మేకల పొట్ట రసంలోని సూక్ష్మజీవుల్ని ఆస్ట్రేలియా పశువులకి ఎక్కించారు, జబ్బు ఆగింది. ఆ విజయం 1986లో పేపర్‌గా వచ్చింది. 1984లోనే ఇండోనేషియా మేక పొట్ట రసంతో కూడా ఇలాంటి ఫలితమే చూపించారు. ఆ బ్యాక్టీరియాకి 1992లో సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు, జోన్స్ పేరు మీదే.

మీ ఇంట్లో ఎవరైనా మేపుతుంటే ఒక్కమాట: సుబాబుల్ మొత్తం మేతలో సుమారు 30 శాతం దాటకుండా, గడ్డితో కలిపి పెట్టమనే సాధారణంగా సలహా ఇస్తారు.