ప్రైవేట్ రాకెట్: ఇస్రో ఉద్యోగం వదిలేసి రాకెట్ కంపెనీ.. హైదరాబాద్ స్కైరూట్ కథేంటి? కూలితే నష్టపరిహారం ఎవరిది?

రాకెట్ అంటే ఇస్రో.. ఇస్రో అంటే రాకెట్. మొన్నమొన్నటి వరకు మన దేశంలో లెక్క ఇంతే. 2022 నవంబర్ 18న ఆ లెక్క మారింది. ఉదయం 11.30 గంటలకు శ్రీహరికోట నుంచి ‘విక్రమ్-ఎస్’ నింగిలోకి దూసుకెళ్లింది. దాన్ని తయారు చేసింది ప్రభుత్వం కాదు. మన హైదరాబాద్‌లోని స్కైరూట్ ఏరోస్పేస్ అనే స్టార్టప్. అసలు ప్రైవేట్ కంపెనీలు రాకెట్లు ఎందుకు చేస్తున్నాయి? దీంట్లో జంటనగరాల వాటా ఎంత? తేడా కొడితే బాధ్యత ఎవరిది? వివరంగా చూద్దాం.

ఎవరు మొదలుపెట్టారు?

పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా.. ఇద్దరూ తెలుగువాళ్లే. పవన్ ఐఐటీ ఖరగ్‌పూర్‌లో, భరత్ ఐఐటీ మద్రాస్‌లో చదివారు. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్‌లో ఇంజినీర్లుగా పనిచేశారు. ఇస్రో ఉద్యోగం అంటే ఇంట్లో వాళ్లు పదిమందికి గొప్పగా చెప్పుకునే కొలువు. దాన్ని వదులుకుని 2018లో స్కైరూట్ పెట్టారు. అప్పటికి ప్రైవేట్ కంపెనీ రాకెట్ ఎగరేయడానికి దేశంలో సరైన దారే లేదు. 2020 జూన్‌లో కేంద్రం అంతరిక్ష రంగం తలుపులు తెరిచింది. అనుమతులు ఇచ్చేందుకు ‘ఇన్‌-స్పేస్’ అనే సంస్థను ఏర్పాటు చేసింది. ఇస్రో సౌకర్యాలు వాడుకునేలా ఒప్పందం చేసుకున్న తొలి స్టార్టప్ స్కైరూటే.

రాకెట్‌కు పెట్టిన పేరు విక్రమ్ సారాభాయ్‌ది. ఇంజిన్ల పేర్లు కలాం, రామన్, ధవన్. ప్రైవేట్ కంపెనీయే అయినా వేళ్లు ఎక్కడున్నాయో ఈ పేర్లే చెబుతాయి.

విక్రమ్-ఎస్ ఏం చేసింది?

6 మీటర్ల పొడవు, 545 కిలోల బరువున్న చిన్న రాకెట్ ఇది. మూడు పరికరాలను మోసుకుని 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి సముద్రంలో పడింది. ఆ మూడింటిలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎన్-స్పేస్ టెక్‌ది. మిగతా రెండు చెన్నై, ఆర్మేనియా సంస్థలవి. ఈ మిషన్‌కు పెట్టిన పేరు ‘ప్రారంభ్’. పేరుకు తగ్గట్టే ఇది ఆరంభం మాత్రమే. ఎందుకంటే ఆ రాకెట్ భూమి చుట్టూ తిరగలేదు. పైకి వెళ్లి కిందికి వచ్చింది.

పైకి వెళ్లడం వేరు.. కక్ష్యలో నిలవడం వేరు

చాలామంది పొరపడేది ఇక్కడే. అంతరిక్షంలోకి వెళ్లడానికి ఎత్తు చాలు. అక్కడ నిలవాలంటే మాత్రం వేగం కావాలి. సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్లు! అర్థమయ్యేలా చెప్పాలంటే.. సికింద్రాబాద్ నుంచి విశాఖకు వందేభారత్‌లో సుమారు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. కక్ష్యలో తిరిగే ఉపగ్రహం వేగంతో వెళితే అదే దూరం ఒకటిన్నర నిమిషం!

విక్రమ్-ఎస్ ధ్వని వేగానికి ఐదు రెట్ల వేగం అందుకుంది. కక్ష్యకు దానికంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ వేగం కావాలి. వేగం ఐదు రెట్లయితే శక్తి పాతిక రెట్లు అవుతుంది. ఆ పని కోసమే స్కైరూట్ ‘విక్రమ్-1’ను తయారు చేసింది. 2025 నవంబర్ 27న ప్రధాని మోదీ వర్చువల్‌గా స్కైరూట్ ఇన్ఫినిటీ క్యాంపస్‌ను ప్రారంభించి, ఈ రాకెట్‌ను ఆవిష్కరించారు.

విక్రమ్-1లో మొదటి మూడు దశలు ఘన ఇంధనంతో పనిచేస్తాయి. దీపావళి చిచ్చుబుడ్డి లాంటిదే. ఒక్కసారి అంటించామా.. అయిపోయేదాకా ఆపలేం. చివరి దశ ద్రవ ఇంధనంతో నడుస్తుంది. గ్యాస్ స్టవ్ నాబ్‌లా ఆపొచ్చు, మళ్లీ వెలిగించొచ్చు. ఉపగ్రహాన్ని సరిగ్గా అనుకున్న చోట వదలడానికి ఇదే కీలకం. బరువు తగ్గించేందుకు రాకెట్ ఒంటిని ఉక్కుతో కాకుండా కార్బన్ ఫైబర్‌తో చేశారు.

ఇస్రో ఉండగా వీళ్లెందుకు?

జేబీఎస్‌లో బస్సు ఎక్కాలంటే బస్సు టైమ్‌కే వెళ్లాలి.. అది ఆగే చోటే దిగాలి. పెద్ద రాకెట్ కూడా అంతే. పెద్ద ఉపగ్రహం రెడీ అయ్యేదాకా చిన్నవాళ్లు ఆగాలి. అది వెళ్లే కక్ష్యకే వెళ్లాలి. చిన్న రాకెట్ అంటే మన గల్లీ దాకా వచ్చే ఆటో లాంటిది. ఛార్జీ ఎక్కువే.. కానీ మనకు కావాల్సిన టైమ్‌కి, కావాల్సిన చోటికి తీసుకెళ్తుంది. స్కైరూట్, చెన్నైలోని అగ్నికుల్ లాంటి కంపెనీలు కన్నేసిన మార్కెట్ ఇదే. 2024 మే 30న అగ్నికుల్ కూడా శ్రీహరికోటలోని తన సొంత లాంచ్ ప్యాడ్ నుంచి రాకెట్ ఎగరేసింది. దాని ఇంజిన్ ఒకే ముక్కగా త్రీడీ ప్రింటింగ్‌లో తయారైంది.

అయితే ఇందులో పోటీ మామూలుగా లేదు. స్పేస్‌ఎక్స్ లాంటి సంస్థలు ఒకే పెద్ద రాకెట్‌లో పదుల కొద్దీ చిన్న ఉపగ్రహాలను తక్కువ ధరకే పంపేస్తున్నాయి. ఆ బస్సు ఛార్జీని తట్టుకుని ఆటో నిలబడాలి.

హైదరాబాద్‌లోనే ఎందుకు?

ఇది నిన్న మొన్నటి ముచ్చట కాదు. ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ మొదట్లో సికింద్రాబాద్ సర్దార్ పటేల్ రోడ్డులో నడిచింది. ఇప్పుడు బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీగా ఉంది. అదే బాలానగర్‌లో 1970లో మొదలైన ఎంటార్ సంస్థ ఇస్రో వికాస్ ఇంజిన్లు తయారు చేస్తోంది. కంచన్‌బాగ్‌లోని మిధాని రాకెట్లకు కావాల్సిన ప్రత్యేక లోహాలు ఇస్తోంది. చంద్రయాన్-1తో మాట్లాడేందుకు బెంగళూరు దగ్గర బ్యాలాలులో పెట్టిన 32 మీటర్ల భారీ యాంటెన్నాను చేసింది ఈసీఐఎల్. సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ క్షిపణులకు ఘన ఇంధనం తయారు చేస్తుంది.

అంటే స్టార్టప్ పెట్టేవాళ్లకు కావాల్సిన లేత్ మెషిన్ పనివాళ్ల నుంచి వెల్డర్లు, లోహ నిపుణుల దాకా అందరూ ఇక్కడే దొరుకుతారు. రాకెట్ సైన్స్ అంటే లెక్కలే కాదు.. వెంట్రుక మందం తేడా రాకుండా లోహాన్ని కోసే చేయి కూడా!

ఫెయిల్ అయితే?

తొలి ప్రయోగం విఫలమవడం ఈ రంగంలో కొత్తేం కాదు. కలాం సారథ్యంలోని ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం 1979 ఆగస్టు 10న విఫలమైంది. తర్వాతి ఏడాది జూలై 18న గెలిచింది. ఎలాన్ మస్క్ ఫాల్కన్-1 వరసగా మూడుసార్లు దెబ్బతిని, 2008 సెప్టెంబర్‌లో నాలుగోసారి కక్ష్యకు చేరింది. తేడా ఏంటంటే.. ప్రభుత్వ సంస్థకు మరో బడ్జెట్ వస్తుంది. ప్రైవేట్ కంపెనీకి మాత్రం పెట్టుబడిదారుల ఓపిక ఉన్నంత వరకే టైమ్. ఇప్పటిదాకా సింగపూర్‌కు చెందిన జీఐసీ, టెమాసెక్ లాంటి పెద్ద సంస్థలు స్కైరూట్‌లో డబ్బు పెట్టాయి.

ఇక అసలు పాయింట్. ప్రైవేట్ రాకెట్ శకలాలు వేరే దేశంలో పడి నష్టం జరిగితే ఎవరు కట్టాలి? 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్రయోగించిన దేశమే బాధ్యత వహించాలి. రాకెట్ కంపెనీదే అయినా బిల్లు ముందు భారత ప్రభుత్వానికే వస్తుంది. అంటే అది మనం కట్టే పన్నుల డబ్బు. ఆ మొత్తాన్ని కంపెనీ నుంచి ఎంతవరకు రాబట్టాలి, బీమా ఎంత ఉండాలి అన్నది పక్కాగా తేల్చాల్సింది చట్టమే. 2017లో ముసాయిదా బిల్లు వచ్చింది. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. కానీ విధానం వేరు, పార్లమెంటు చేసే చట్టం వేరు. రాకెట్లు పెరిగే కొద్దీ ఈ లోటు మరింత కనిపిస్తుంది.

ప్రయోగం కళ్లారా చూడాలంటే?

శ్రీహరికోటలో ఇస్రో ప్రయోగాలు చూసేందుకు సామాన్యుల కోసం గ్యాలరీ ఉంది. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సికింద్రాబాద్ నుంచి వెళ్లేవాళ్లు గూడూరు దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి చెన్నై లైన్‌లో ఉన్న సూళ్లూరుపేటలో దిగొచ్చు. శ్రీహరికోటకు దగ్గరి స్టేషన్ అదే. ప్రయోగాలు వాయిదా పడటం మామూలే కాబట్టి, రిటర్న్ టికెట్ ఒకరోజు అటూ ఇటూగా ఉండేలా చూసుకోండి.