వకీలు లేని విచారణ - తెలంగాణ రైతుల ఉరిశిక్షల కేసు

అల్ ఖర్జ్ నుంచి మాట్లాడుతున్నాను. నేను లాయరును కాను, కంప్యూటర్ కన్సల్టెంటును. చరిత్ర చదవడమంటే ఇష్టం, అంతే. ఇవాళ మన తెలంగాణ రైతుల కేసు ఒకటి చెబుతాను. జరిగి డెబ్భై అయిదేళ్లు దాటింది. కానీ సౌదీలో ఉన్న మనవాళ్లకి ఇప్పటికీ పనికొచ్చే కథ.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. హైదరాబాదు సంస్థానానికి జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరుగా వచ్చారు. తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం మాత్రం ఆగలేదు. పట్టుబడ్డవాళ్ల మీద హత్య కేసులు పెట్టి, మామూలు కోర్టులకు కాకుండా ప్రత్యేక ట్రిబ్యునళ్లకు పంపారు. 1949 ఆగస్టులో ఈ ట్రిబ్యునళ్లు మూడు కేసుల్లో ఉరిశిక్షలు వేశాయి. డిసెంబరు 12, 13, 14 తేదీల్లో హైదరాబాదు హైకోర్టు వాటిని ఖాయం చేసింది.

వాళ్లు ఆ హత్యలు చేశారా లేదా అన్నది ఇక్కడ కూర్చుని నేను తేల్చేది కాదు. ప్రశ్న వేరు. ప్రాణం తీసే శిక్ష వేసేముందు వాళ్లకి తమ మాట చెప్పుకునే అవకాశం దొరికిందా? వకీలును పెట్టుకునే వీలు మాకు ఇవ్వలేదన్నది వాళ్ల ఫిర్యాదు. విచిత్రమేమిటంటే, ఆ శిక్షలకు ఎనిమిది నెలల ముందే, 1948 డిసెంబరు 10న, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన వెలువడింది. నిష్పక్షపాతమైన కోర్టు ముందు బహిరంగ విచారణ, తనను తాను కాపాడుకోవడానికి కావలసిన హామీలు ప్రతి నిందితుడికీ ఉండాలని అందులో రాసుకున్నారు. భారతదేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది. సౌదీ అరేబియా ఓటింగుకు దూరంగా ఉంది.

కేసు సుప్రీం కోర్టుకు వెళ్లింది. రైతుల తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పేరున్న బారిస్టరు వచ్చారు. అంతకుముందు హోచిమిన్ తరఫున, తర్వాత కెన్యాలో జోమో కెన్యట్టా తరఫున వాదించింది ఈయనే. అయితే క్యాలెండరు అడ్డొచ్చింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. హైకోర్టు తీర్పులు అంతకు ఆరు వారాల ముందువి. ఆనాటికి హైదరాబాదు హైకోర్టు భారత భూభాగంలోని కోర్టు కాదు కాబట్టి అప్పీలు కుదరదని 1950 డిసెంబరులో సుప్రీం కోర్టు చెప్పేసింది.

తర్వాత హెబియస్ కార్పస్ పిటిషన్లు విచారణకు వచ్చాయి. అమెరికాలో స్కాట్స్‌బరో కుర్రాళ్ల కేసు ఉంది. సరైన వకీలు లేకుండా నల్లజాతి యువకులకు వేసిన మరణశిక్షలను అక్కడి సుప్రీం కోర్టు 1932లో కొట్టేసింది. మనవాళ్ల తరఫున ఆ తీర్పును కూడా చూపించారు. 1951 మార్చిలో, జనార్దన రెడ్డి కేసు అని పేరుపడ్డ తీర్పులో, ట్రిబ్యునల్ చొరవ తీసుకుని వకీలును ఏర్పాటు చేసి ఉండాల్సిందని కోర్టు ఒప్పుకుంది. కానీ వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లదనలేమని పిటిషన్లు కొట్టేసింది.

ఆ రైతులు ఉరికంబం ఎక్కలేదు. దేశంలోనూ బయటా వచ్చిన ఆందోళన వల్ల శిక్షలు యావజ్జీవంగా మారాయి. అందరికీ అలా కలిసిరాలేదు. ఆదిలాబాదు భూమయ్య, కిష్టాగౌడ్‌లకోసం కూడా ఎందరో పోరాడారు. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబరు 1న, హైదరాబాదు ముషీరాబాదు జైల్లో వాళ్లిద్దరినీ ఉరి తీశారు. కనికరం ఒకసారి దొరుకుతుంది, ఒకసారి దొరకదు. దాన్ని నమ్ముకుని విచారణను ఎలా పడితే అలా జరపకూడదు.

ఇప్పుడు మన సంగతి. అల్ ఖర్జ్‌లో డెయిరీల్లో, తోటల్లో, డ్రైవర్లుగా మనవాళ్లు ఉన్నారు. కేసులో ఇరుక్కుంటే ముందుకొచ్చే కాగితం అరబ్బీలో ఉంటుంది. 2006లో రియాద్‌లో అరెస్టయిన ఒక కేరళ డ్రైవరు కోసం 2024లో జనం చందాలేసుకుని 34 కోట్ల రూపాయలు పోగుచేశారు. బాధిత కుటుంబం క్షమించాక మరణశిక్ష రద్దయింది. గొప్ప విషయమే. కానీ మధ్యలో పద్దెనిమిదేళ్లు పోయాయి.

అందుకే మొదటి రోజు ముఖ్యం. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, అరెస్టయిన విదేశీయుడికి తన దేశపు ఎంబసీకి కబురు పంపించుకునే హక్కుంది. ఆ హక్కు ఉందని పోలీసులే ఆలస్యం లేకుండా చెప్పాలి. భారత్, సౌదీ రెండూ అందులో ఉన్నాయి. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానంలో కుల్‌భూషణ్ జాదవ్ కేసులో భారత్ నెగ్గింది ఈ అధికరణం మీదే. సౌదీ క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో కూడా వకీలు, అనువాదకుడు ఉన్నారు.

కాబట్టి మీ తమ్ముడో, పక్క గదిలో ఉండే అన్నో పట్టుబడితే మూడు మాటలు గుర్తుంచుకోండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. అనువాదకుణ్ణి అడగాలి. రియాద్ ఎంబసీకి ఆ రోజే ఫోన్ చేయాలి. ఆ రైతులకు మొదట్లో దొరకని సాయం మనవాళ్లకైనా మొదట్లోనే అందాలి.