బాలలపై లైంగిక వేధింపుల నివారణ

బాలలపై లైంగిక వేధింపుల నివారణ అనగా పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలను లైంగిక దాడి, అసభ్య ప్రవర్తన, అశ్లీల చిత్రాల కోసం లేదా వ్యభిచారం కోసం వాడుకోవడం వంటి నేరాల నుండి కాపాడేందుకు కుటుంబం, పాఠశాల, ప్రభుత్వం తీసుకొనే చర్యలు. భారతదేశంలో ఈ నేరాలకు ప్రత్యేకంగా వర్తించేది లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం, 2012. దీనినే పోక్సో చట్టం అంటారు. చట్టం చాలావరకు నేరం జరిగిన తరువాతనే పని మొదలుపెడుతుంది. అంతకు ముందు బిడ్డను కాపాడవలసినది ఇల్లు, బడి. అందుచేత ఈ విషయంలో తల్లిదండ్రుల పాత్ర ప్రధానమైనది.

విస్తృతి

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించగా, 53.22 శాతం మంది తాము ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురైనట్లు చెప్పారు. ఈ శాతం అధికంగా ఉన్న రాష్ట్రాలలో అప్పటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. బలవంతంగా ముద్దుపెట్టడం, అశ్లీల చిత్రాలు చూపించడం వంటివి కూడా ఇందులో కలిసి ఉన్నాయి గనుక ఈ సంఖ్య మొత్తాన్నీ తీవ్రమైన దాడులుగా చదువకూడదు. తీవ్రమైన వేధింపులు ఎదుర్కొన్నవారు సుమారు 21 శాతం. అయినా అది చిన్న సంఖ్య కాదు.

ఈ అధ్యయనంలో రెండు విషయాలు అప్పట్లో చాలామందిని ఆశ్చర్యపరచాయి. వేధింపులకు గురైనవారిలో బాలుర సంఖ్య బాలికల కంటే కొంచెం ఎక్కువగా ఉంది. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, లేదా పిల్లలు నమ్మే స్థానంలో ఉన్నవారు. జరిగినదానిని ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు. "మగపిల్లవాడికేం భయం" అనే మాట తెలుగు ఇళ్ళలో సాధారణంగా వినిపిస్తుంది. ఆ మాటకు ఈ అంకెలలో ఆధారం లేదు.

మచ్చిక చేసుకొనే పద్ధతి

వేధించే వ్యక్తి అకస్మాత్తుగా దాడి చేయడం తక్కువ. చాలా సందర్భాలలో ముందుగా బిడ్డను, ఆ తరువాత ఇంటివారిని మచ్చిక చేసుకొంటాడు. చాక్లెట్లు, ఫోనులో ఆటలు, బండి మీద షికారు, పరీక్షలకు ఉచితంగా పాఠాలు వంటివి ఇందుకు సాధనాలు. ఇంటి పనులలో సాయం చేసి, కష్టకాలంలో అప్పు ఇచ్చి తల్లిదండ్రుల నమ్మకం సంపాదించడం కూడా ఇందులో భాగమే. తరువాతి దశలో బిడ్డతో ఒంటరిగా ఉండే అవకాశాలు కల్పించుకొంటాడు. కితకితలు పెట్టడం, ఒడిలో కూర్చోబెట్టుకోవడం వంటి మామూలు స్పర్శతో మొదలుపెట్టి హద్దులను కొంచెం కొంచెంగా జరుపుతాడు. చివరగా "ఇది మనిద్దరికే తెలిసిన సంగతి" అని రహస్యం కట్టిస్తాడు. అది పనిచేయకపోతే "మీ అమ్మకు చెబితే నిన్నే కొడుతుంది" అని భయపెడతాడు.

తెలుగు సమాజంలోని వరుసల పిలుపు ఇక్కడ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఇంటికి వచ్చిన ప్రతి మగవాడూ పిల్లలకు మామయ్య, బాబాయి, తాతయ్య లేదా అంకుల్ అవుతాడు. నిన్న పరిచయమైన వ్యక్తికి కూడా వరుసతో పాటు చనువు లభిస్తుంది. "మామయ్యకు ముద్దు పెట్టు" అని పెద్దలు బలవంతం చేసినప్పుడు, తన శరీరం విషయంలో తన ఇష్టానికి విలువ లేదని బిడ్డ నేర్చుకొంటుంది. పిల్లలు దగ్గరకు వెళ్ళడానికి ఇష్టపడని బంధువుకు నమస్కారం పెట్టిస్తే మర్యాదకు లోటు రాదు.

ఇంట్లో నేర్పవలసినవి

మూడేళ్ళ వయసు నుండే శరీర భాగాలన్నింటికీ పేర్లు చెప్పడం మొదలుపెట్టవచ్చు. మర్మాంగాలకు పేరే లేకుండా "ఛీ" అని మాత్రమే నేర్చిన బిడ్డ, రేపు అక్కడ ఎవరైనా తాకినప్పుడు చెప్పడానికి మాట లేక ఊరుకొంటుంది. బట్టలు కప్పే భాగాలను స్నానం చేయించేటప్పుడు అమ్మ లేదా ఇంట్లో ఆ పని చేసేవారు, అమ్మానాన్నల సమక్షంలో వైద్యుడు తప్ప ఇతరులు తాకకూడదని, ఇతరులవి తాకమని అడిగినా తాకకూడదని చెప్పాలి. దీనిని పాఠశాలలలో మంచి స్పర్శ, చెడు స్పర్శ అనే పేరుతో బోధిస్తున్నారు. చైల్డ్‌లైన్ సంస్థ రూపొందించిన "కోమల్" అనే చిన్న యానిమేషన్ చిత్రం ఈ బోధనలో విరివిగా వాడబడింది.

అయితే ఈ పాఠానికి ఒక పరిమితి ఉన్నది. మచ్చికైన బిడ్డకు చెడు స్పర్శ మొదట చెడుగా తోచకపోవచ్చు. అందుచేత స్పర్శ కంటే రహస్యం గురించి నేర్పడం ఎక్కువ ఉపయోగకరం. పుట్టినరోజు కానుక వంటి ఆశ్చర్యాలు కొద్ది రోజులలో బయటపడతాయి. ఎప్పటికీ అమ్మకు చెప్పవద్దనే రహస్యం ఎవరు చెప్పినా, ఎంత పెద్దవారు చెప్పినా దాచనక్కరలేదని బిడ్డకు తెలియాలి. "పెద్దలు చెప్పినట్లు వినాలి" అని నేర్పేటప్పుడు, వినకూడని సందర్భాలు కూడా ఉంటాయని జతచేయాలి.

ఈ బోధనంతా ఒక పూట ఉపన్యాసంగా సాగదు. అన్నం తినేటప్పుడు, బడి నుండి వచ్చేటప్పుడు చిన్న చిన్న మాటలుగా చెప్పినదే నిలుస్తుంది. మార్కులు తగ్గితే, గ్లాసు పగిలితే దెబ్బలు తినే ఇంట్లో బిడ్డ పెద్ద విషయాలు చెప్పడానికి ముందుకు రాదు.

గుర్తించడం

శరీరంపై గాయాలు, మూత్ర విసర్జనలో నొప్పి వంటివి కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపించాలి. కాని అనేక సందర్భాలలో శరీరంపై ఏ గుర్తూ ఉండదు. ప్రవర్తనలో మార్పే మొదటి సూచన. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, ఒక వ్యక్తి పేరు వినగానే ముడుచుకుపోవడం, ట్యూషనుకు వెళ్ళనని ఏడవడం, వయసుకు మించిన లైంగిక విషయాలు మాట్లాడడం, ఎక్కడివో తెలియని డబ్బు, వస్తువులు కనిపించడం ఇటువంటివి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. బడి మారినా, ఇంట్లో గొడవలున్నా పిల్లలలో ఇటువంటి మార్పులు వస్తాయి.

బిడ్డ చెప్పినప్పుడు

పిల్లలు ఒక్కసారిగా అంతా చెప్పరు. "ఆ అన్నయ్య మంచివాడు కాదు" అని ఒక మాట విసిరి పెద్దల ముఖం చూస్తారు. ఆ క్షణంలో తల్లి కేకలు వేసినా, తండ్రి కొట్లాటకు బయలుదేరినా బిడ్డ తన వల్లనే గొడవ జరిగిందనుకొని మాట వెనక్కు తీసుకొంటుంది. శాంతంగా వినడం, నమ్ముతున్నానని చెప్పడం, తప్పు నీది కాదని చెప్పడం మొదట చేయవలసిన పనులు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనే ప్రశ్న అడుగకూడదు. జవాబును సూచించే ప్రశ్నలు వేయడం, బంధువులందరి ముందు మళ్ళీ మళ్ళీ చెప్పించడం బిడ్డను బాధించడమే కాక తరువాత సాక్ష్యాన్ని కూడా బలహీనపరుస్తాయి. చెప్పిన మాటలను బిడ్డ వాడిన పదాలతోనే, తేదీతో సహా రాసిపెట్టుకోవడం మంచిది. ఇటీవలే దాడి జరిగి ఉంటే స్నానం చేయించకుండా, అప్పటి బట్టలు ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఫిర్యాదు, చట్టం

పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. ఇది బాలురకు, బాలికలకు సమానంగా వర్తిస్తుంది. 2019 సవరణ ద్వారా శిక్షలు పెరిగాయి. పదహారేళ్ళ లోపు వారిపై అత్యాచారానికి కనీస శిక్ష 20 సంవత్సరాలు, అత్యంత తీవ్రమైన నేరాలకు మరణశిక్ష వరకు విధించవచ్చు.

నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలుపడం తప్పనిసరి. తెలిసి దాచినవారికి ఆరు నెలల వరకు, సంస్థను నడిపేవారికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై ఏ చర్యా ఉండదు. పిల్లల సహాయ కేంద్రం ఫోను సంఖ్య 1098. ఇది 1996లో ముంబైలో మొదలైన చైల్డ్‌లైన్ సేవ. 2023 నుండి ప్రభుత్వాల నిర్వహణలోకి వచ్చి 112 అత్యవసర సేవతో అనుసంధానించబడింది.

పోలీసు స్టేషను అంటే భయపడి వెనుకాడే కుటుంబాలకు చట్టంలోని కొన్ని ఏర్పాట్లు తెలియవు. వాంగ్మూలాన్ని బిడ్డ ఇంటివద్దనే లేదా బిడ్డ కోరిన చోట నమోదు చేయవచ్చు. సాధ్యమైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, ఆ సమయంలో యూనిఫారం ధరించకూడదు. రాత్రివేళ బిడ్డను స్టేషనులో ఉంచరాదు. బాలికకు మహిళా వైద్యురాలే పరీక్ష చేయాలి. అత్యవసర చికిత్సకు ముందుగా ఎఫ్.ఐ.ఆర్. తెమ్మని ఆసుపత్రి అడుగరాదు. కోర్టులో విచారణ బహిరంగంగా జరుగదు, నిందితుడు బిడ్డకు కనిపించకుండా ఏర్పాటు చేయాలి, న్యాయవాది ప్రశ్నలను న్యాయమూర్తి ద్వారానే అడగాలి. బిడ్డ పేరు, ఫోటో, బడి వివరాలు పత్రికలలో ప్రచురించడం నేరం. విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలని చట్టం చెబుతున్నా, ఎన్నో కేసులు అంతకంటే చాలా ఎక్కువ కాలం నడుస్తున్నాయి. హైదరాబాదులో 2016లో మొదలైన భరోసా కేంద్రం వైద్యం, కౌన్సెలింగు, వాంగ్మూలం ఒకేచోట జరిగేలా ఏర్పాటు చేయబడింది.

గ్రామాలలో పెద్దమనుషుల పంచాయితీ పెట్టి, కొంత సొమ్ము ఇప్పించి రాజీ చేయడం, మరీ ఘోరంగా ఆ వ్యక్తికే పిల్లనిచ్చి పెళ్ళి చేయడం జరుగుతున్నాయి. ఇటువంటి రాజీకి చట్టబద్ధత లేదు. ఒక ఉపాధ్యాయుడిపై కేసును రాజీ ఆధారంగా కొట్టివేయడాన్ని సుప్రీం కోర్టు 2024 నవంబరులో తప్పుపట్టింది. పరువు పోతుందనే భయమే వేధించేవాడికి అన్నిటికంటే పెద్ద రక్షణ.

బడి, హాస్టలు

2022 అక్టోబరులో హైదరాబాదులోని ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగేళ్ళ చిన్నారిపై ప్రిన్సిపాల్ కారు డ్రైవరు అకృత్యం వెలుగులోకి వచ్చింది. 2023లో అతనికి 20 సంవత్సరాల జైలు శిక్ష పడింది. పిల్లలతో ఏ పనీ లేని ఉద్యోగి తరగతుల వరకు ఎలా వెళ్ళగలిగాడన్నది ఈ కేసు లేవనెత్తిన ప్రశ్న. ఫీజు, ర్యాంకులు అడిగే తల్లిదండ్రులు ఆయా ఎవరు, బస్సులో చివరగా దిగే బిడ్డతో ఎవరుంటారు, మరుగుదొడ్డికి ఎవరు తీసుకువెళతారు అని కూడా అడుగవలసి ఉంటుంది. హాస్టలులో ఉండే పిల్లలతో వార్డెను ఎదుట కాకుండా ఏకాంతంగా మాట్లాడే వీలు ఉండాలి.

ఫోను, అంతర్జాలం

2020లో కోవిడ్ వల్ల తరగతులు ఫోనులోకి మారిన తరువాత చిన్న వయసులోనే పిల్లల చేతికి ఫోను వచ్చింది. ఆటల యాప్‌లలో, సామాజిక మాధ్యమాలలో తమ వయసువారిగా నటిస్తూ పరిచయం పెంచుకొని, ఫోటో తెప్పించుకొని, దానితో బెదిరించడం పద్ధతిగా మారింది. బిడ్డ అటువంటి బెదిరింపుకు చిక్కినప్పుడు ఫోను లాక్కోవడం కంటే, ఎదుటివాడి ఖాతా పేరు, సంఖ్య, సందేశాలు భద్రపరచి ఫిర్యాదు చేయడం ముఖ్యం. ఆ చిత్రాన్ని బంధువులకు పంపడం కూడా నేరమే అవుతుంది. అత్యాచార దృశ్యాలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయని హైదరాబాదుకు చెందిన ప్రజ్వల సంస్థ 2015లో రాసిన లేఖను సుప్రీం కోర్టు విచారణకు స్వీకరించింది. ఆ క్రమంలోనే 2018లో కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్ ప్రారంభమైంది. ఇందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఇతర రూపాలు

పేదరికం ఉన్నచోట లైంగిక వేధింపు తరచు శ్రమ దోపిడీతో, అక్రమ రవాణాతో కలిసి ఉంటుంది. నగరంలో ఇంటిపనికి పంపితే చదివిస్తామని, మంచి సంబంధం చూస్తామని చెప్పే మధ్యవర్తి చాలా సార్లు తెలిసినవాడే అయి ఉంటాడు. పంపక తప్పనప్పుడు చిరునామా, యజమాని ఫోను సంఖ్య లేకుండా పంపరాదు. తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, మాతమ్మ అనే పేర్లతో బాలికలను దేవతకు అంకితం చేసే ఆచారాన్ని 1988 నాటి రాష్ట్ర చట్టం నిషేధించింది. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన కృషి, బిడ్డ పగలంతా బడిలో ఉండడమే మొదటి రక్షణ అన్న వాదానికి బలమిచ్చింది. ఆమె 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలు.