కదలెడి యిల్లు

గోదావరీతీరవాసులకు కదలెడి యిల్లు క్రొత్త మాట కాదు. పడక, పొయ్యి, నీటితొట్టి, స్నానపుగది అన్నియు లోపలనే యమర్చిన మోటారుబండిని నేడు మోటారు గృహ మనుచున్నారు. దానిని చూచి మన పిల్లలు వింతపడుదురు. కాని యిల్లును ప్రయాణమును ఒక్కటిగ జేయవలె నను కోరిక మన నదియంత ప్రాచీనము. ఆ కోరిక యెట్లు పెరిగెనో, దానితోబాటు క్రొత్తవస్తువునందలి లోపములకు ఉత్తరవాదు లెవ రను ప్రశ్న యెట్లు మారెనో, ఆ చరిత్రను నేడు మనవి చేసెదను.

పట్టిసీమ యెదుట నదీమధ్యమున దేవకూటాద్రి గలదు. అందు వీరభద్రేశ్వరుడును, క్షేత్రపాలకుడైన భావనారాయణస్వామియు వెలసియున్నారు. మహాశివరాత్రికి ఇచ్చటికి వచ్చు జనమును నేను చిన్ననాటనుండియు నెఱుగుదును. మెట్టయూళ్ళవారు గూడుబండ్లలో గడ్డి పఱచి, దానిపై బొంత వేసి, బియ్యము, ఉప్పు, చింతపండు మూటగట్టుకొని సంసారమంతయు నెక్కించుకొని వచ్చెడివారు. లంకలవారు పడవలలో వచ్చెడివారు. రాత్రి యిసుకతిన్నెలపై పొయ్యిలు వెలిగెడివి. పిల్లలకు గూడుబండియే పడకగది. ముసలివారికి పడవ గూడే పంచ. ఆ మూడునాళ్ళును అవియే యిండ్లు.

ఆ పడవలయు బండ్లయు నిర్మాణమున ఒక విశేషము గలదు. అది మన విషయమునకు మూలము. చెక్కపడవను క్రొత్తగ నీటిలో దింపినప్పుడు అది కారుట సహజము. పలకల సందులలో నార దట్టించి, గుగ్గిలమును నూనెయు మరగించి పూసినను, మొదటి దినములలో ఎక్కడనో చెమర్చును. చెక్క నీరు త్రాగి యుబ్బినకొలది సందులు తమంతట తామే మూసికొనును. కావున అనుభవశాలి క్రొత్తపడవను వెంటనే సరకుతో నింపడు. కొన్నాళ్ళు రేవున గట్టి, నీరు తోడుచు, కారుట తగ్గుచున్నదో హెచ్చుచున్నదో చూచును. తగ్గినచో అది చెక్క స్వభావము. హెచ్చినచో అది పనివాని లోపము. ఈ రెండింటికిని గల భేదము నెఱుగుటయే పరీక్ష.

బండిచక్రమునకును ఇదియే న్యాయము. ఇనుపపట్టాను నిప్పులలో నెఱ్ఱగా కాల్చి చక్రమునకు దొడిగి నీళ్ళు పోసినచో, అది బిగిసి ఆకులను పూటీలను ఒక్కటిగ పట్టును. ఎండకాలమున చెక్క యెండి పట్టా వదులగును. అప్పుడు చక్రమును చెఱువులో నానవేయుట మీ రందఱు నెఱిగినదే. నానవేసినను నిలువనిచో వడ్రంగిని పిలిచెడివారు. ఆ వడ్రంగి యెక్కడివాడు? మన యూరివాడే. పన్నిద్దరు ఆయగాండ్రలో నొకడు. కళ్ళములో ధాన్యపురాశి కొలుచునప్పుడు అతనికి మేర కొలువవలెను. అతడు చేసిన చక్రము నడుమదారిలో విరిగెనేని ఆ మాట కళ్ళము కడకు అతనికంటె ముందు చేరును. చేసినవాడును వాడుకొనువాడును ఒక్క బావినీరు త్రాగుదురు. గ్రామమర్యాదయే పూచీపత్రము. ఆ యేర్పాటునందు కులపు కట్టుబాట్ల కష్టమును గలదు. దానిని మరలి రమ్మని నేను కోరను. కాని చేసినవాడు కంటికి కనబడుచుండుట యను నొక్క గుణమును మనము గుర్తుంచుకొనవలెను.

నదికి దిగువను నరసాపురమున ఈ విద్య సముద్రమువఱకు పెరిగెను. మన్యపుటడవులనుండి టేకుదుంగలు నదివెంట దిగుచుండగా, అచ్చటి వడ్రంగులును కమ్మరులును ఓడలను గట్టిరి. 1611లో ఇంగ్లండునుండి బయలుదేరిన ‘గ్లోబు’ అను ఓడ మచిలీపట్టణము మొదలు సయాము వఱకు వర్తకము చేసి, తిరుగుప్రయాణమునకు ముందు 1614లో నరసాపురపు రేవున మరమ్మతునకు నిలిచెను. దానిలో వర్తకుడుగ నున్న పీటర్ ఫ్లోరిస్ అను డచ్చివాడు ఆ సంగతిని, ఆ యేట వచ్చిన గోదావరి వరదను తన దినచర్యలో వ్రాసియుంచెను. ఓడ బాగుపడి 1615లో స్వదేశమును చేరెను. సముద్రములు దాటి వచ్చిన ఓడకు అడుగు బాగుచేసి యింటికి పంపిన చేతులు మన డెల్టావి. ఆ శతాబ్దపు చివరిభాగమున తామస్ బౌరీ అను ఆంగ్లేయ వర్తకుడును నరసాపురమున ఓడలు కట్టుటనుగూర్చి వ్రాసియున్నాడు.

పందొమ్మిదవ శతాబ్దమున సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున 1847లో ఆనకట్ట ప్రారంభించి 1852 నాటికి ముగించెను. ఆయన కాలువలను సాగునీటికి మాత్రమే గాక పడవల రాకపోకలకుగూడ ఉద్దేశించెను. అందుచేత కాలువలపై లాకులు వెలసెను. వానితోబాటు దొరల యింటిపడవలును వచ్చెను. ఇంజనీర్లు పడకగది, వ్రాతబల్ల, వంటపాక గల పడవలలో దినములకొలది నివసించుచు, గట్లవెంట కూలీలు త్రాడుతో లాగుచుండ, లాకులను తూములను పరీక్షించుచు పోయెడివారు. దానిని లాగిన కూలీకి మాత్రము ఆ యింట చోటు లేదు. ఈ సంగతిని చరిత్ర చెప్పువారు మఱువరాదు.

కాటన్ ఇంకొక గొప్ప యత్నమునకును ప్రేరకుడయ్యెను. గోదావరిపై ఎగువకు మధ్యపరగణాలవఱకు పొగపడవలు నడుపవలె నని ప్రభుత్వమువారు దుమ్ముగూడెము మొదలగు రాతిపఱపుల కడ ఆనకట్టలు, కాలువలు, లాకులు కట్టింప బూనిరి. విశేష ధనవ్యయమైన పిమ్మట 1871లో ఆ పని మానివేయబడెను. ఇనుపదారి చవుకయు వేగమును అయ్యెను; నదిలో నీరు ఏడాది పొడవునను చాలదయ్యెను. పని నాణ్యమైనదే కావచ్చును, కాని అది తిరుగవలసిన చోటు దానికి తగినది కాదు. ఏ వాహనమునకైనను ఇది రెండవ పరీక్ష.

నావనుండి నేలపైకి వచ్చిన ఇంటి కథయు ముచ్చటైనది. గార్డన్ స్టేబుల్సు అను స్కాట్లండు వైద్యుడు ఇంగ్లీషు నౌకాదళమున పనిచేసి, ఉద్యోగము విడిచిన పిమ్మట 1885లో ఒక ఇంటిబండిని చేయించెను. చేసినవారు బ్రిస్టలు నగరమున రైలుపెట్టెలు తయారుచేయు కర్మాగారమువారు. రెండు గుఱ్ఱములు లాగిన ఆ బండికి ‘వాండరర్’ అని పేరిడి, దానిని ‘నేలపై నావ’ యని పిలుచుచు ఆయన స్కాట్లండు ఉత్తరభాగమువఱకు పయనించి గ్రంథము వ్రాసెను. విహారార్థము చేయించుకొన్న ఇంటిబండ్లలో దానిని మొదటిదానిగ పలువురు గణింతురు. నావికుడే దానిని తలపెట్టుట యాదృచ్ఛికము కాదు. ఊగెడి యింటిలో పాత్రలు దొర్లకుండ ఎట్లు నిలుపవలెనో, నీరు ఎంత వెంట గొనవలెనో ఓడలో బ్రతికినవానికే తెలియును.

తెలుగునేలపై మోటారు గృహమును పల్లెపల్లెకు పరిచయము చేసినది ‘చైతన్యరథము’. 1982 మార్చి 29న తెలుగుదేశము పార్టీని స్థాపించిన నందమూరి తారకరామారావుగారు ఒక షెవర్లే వ్యానును మార్పించి, పైకప్పునే వేదికగ జేసి, రాష్ట్రమంతట తిరిగిరి. ఆయన కుమారుడు హరికృష్ణగారు దానిని నడిపిరి. రాత్రి అందే విశ్రమించి, ఉదయమున దారిప్రక్కనే స్నానము చేసిన నాయకుని మన పెద్దలు కన్నులార చూచిరి. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి యయ్యెను. రాజకీయాభిప్రాయములు ఎట్లున్నను, బండి యిల్లు కాగలదని మన రైతునకు తెలిసినది ఆనాడే.

ఇక నా యనుభవము. కొన్నేండ్ల క్రిందట మా కుటుంబమువారము ఒక క్రొత్త మోటారు గృహమును కొంటిమి. తీర్థములు సేవింప వలెనని మా యింటి పెద్దవారి కోరిక. మొదటి తొలకరికే పడకపై కప్పునుండి నీరు కారెను. మూడువందల కిలోమీటర్లు తిరుగునప్పటికి తలుపు ద్వారబంధమునకు అంటదయ్యెను. నీటిగొట్టపు అతుకు వదలి నేలచెక్క ఉబ్బెను. అమ్మినవారిని అడుగగా, ‘క్రొత్తబండికి ఇది సహజము, సర్దుకొనును’ అనిరి. చెక్కపడవ విషయమున అది సత్యమే. ఈ బండి విషయమున కాదు. రేకు, పీచుపలక, చెక్క, జిగురు ఇవి యెండకు వేర్వేఱు మేరల సాగును. గతుకులదారిలో చట్రము మెలితిరుగును. సందు నానాటికి పెరుగునే గాని మూసికొనదు. లోపలి చెక్క త్రాగిన నీరు దానిని బాగుచేయదు, కుళ్ళించును.

పిమ్మట వేఱొక చిక్కు కలిగెను. క్రింది చట్రమును యంత్రమును ఒక కర్మాగారమువారు చేసిరి. పైయింటిని వేఱొకరు కట్టిరి. వీరు ‘చట్రపు కుదుపువలన అతుకు విడినది’ అనిరి. వారు ‘ఇల్లు మాది కాదు’ అనిరి. ఇద్దఱి నడుమ వానకాలము గడచెను. అప్పుడు నేను ఒక పుస్తకము పెట్టి, తేదీ, తిరిగిన కిలోమీటర్లు, లోపము, ఎవరికి చెప్పితిమి, ఏమనిరి అన్నియు వ్రాసితిని. ఛాయాచిత్రములు తీయించి, ఇరువురకును రిజిష్టరు తపాలాలో పంపితిని. రెండుమార్లు జిగురు పూసి పంపివేసినవారు మూడవమారు కప్పునే తీసి క్రొత్తగ వేసిరి. నోటిమాటకు కదలనివారు వ్రాతకు కదలిరి. నాటి గూడుబండిలోవలె ఒక్క వడ్రంగి ముఖము చూచి అడుగు వీలు లేనిచోట, మనకు మిగిలిన బలము లెక్కపుస్తకమే.

ఈ చిక్కు మన యొక్కరిదే కాదు. అమెరికాలో 1982లో కనెక్టికట్ రాష్ట్రము, పలుమార్లు బాగుచేసినను బాగుపడని క్రొత్తమోటారును తయారీదారు మార్చియీయవలెను లేక సొమ్ము తిరిగి యీయవలె నని చట్టము చేసెను. ఇతర రాష్ట్రములును అనుసరించెను. కాని వానిలో అనేకచట్టములు మోటారు గృహమునందు చట్రమును యంత్రమును మాత్రమే కాపాడి, నివసించుభాగమును విడిచివేసెను. ఇల్లు బండి యగుటవలన ఇంటి న్యాయమును పోయె. బండి యిల్లగుటవలన బండి న్యాయమును సగమే దక్కె.

మన దేశమున 1930 నాటి సరకుల విక్రయ చట్టము, అమ్మువాని నేర్పును నమ్మి ఫలాన పనికి కావలె నని చెప్పి కొన్నప్పుడు వస్తువు ఆ పనికి తగియుండవలె నను నియమమును ఒప్పుకొనెను. 1986లో వినియోగదారుల రక్షణచట్టము వచ్చెను. దాని స్థానమున 2019లో చేయబడి 2020 జూలైలో అమలునకు వచ్చిన చట్టమునందు రెండు మేళ్ళు గలవు. లోపమువలన హాని కలిగినప్పుడు తయారుచేసినవానిని గూడ బాధ్యుని చేయవచ్చును. ఫిర్యాదును కొన్నవాడు తాను నివసించు చోటనే దాఖలు చేయవచ్చును. పల్లెవాడు దూరనగరమునకు పోయి తిరుగనక్కఱలేదు. అయితే కారణము పుట్టిన రెండేండ్లలోపల దాఖలు చేయవలెను. ‘వచ్చే యేడు చూతము’ అను మాట యిచ్చట పనికిరాదు.

కప్పు కారినచో పడక తడియును; అంతే. కాని కదలెడి యింటియందు లోపము ఎల్లప్పుడు అంతతో ఆగదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవుచున్న విహారపడవ కచ్చులూరు కడ వరదగోదావరిలో మునిగెను. అందున్న 77 మందిలో 26 మంది మాత్రమే బయటపడిరి. ఆ యూరివారు తమ చిన్నపడవలలో ఎదురు పోయి తమ చేతనైనవారిని ఒడ్డు చేర్చిరి. అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందము నదీగర్భమునుండి పడవను వెలికి లాగెను. వరదలో పడవ కదలరా దనుటయు, కదలు ముందు పరీక్షింపవలె ననుటయు నాటి క్రొత్తసంగతులు కావు. నదిలో బ్రతికిన పెద్దలకు అవి యెప్పటినుండియో తెలిసినవే. లోనాటి జలయానములను తనిఖీ చేయవలె నను చట్టము 1917 నుండియే గలదు. దాని స్థానమున 2021లో క్రొత్తచట్టమును వచ్చినది. చట్టము కాగితముపై నున్నది. రేవున నిలిచి అడుగువాడు కావలెను.

అట్లడుగుటకు గ్రామపెద్దలకంటె తగినవా రెవరు? మన యింటివారు పడవ నెక్కునప్పుడు, ధ్రువపత్రము చూపుమని, ఎంతమందికి అనుమతి యున్నదో చెప్పుమని, ప్రాణరక్షక కవచములు చేతి కిమ్మని సరంగును అడుగుట మర్యాదకు లోపము కాదు. క్రొత్తబండిని కొను కుమారునకు, సొమ్ము పూర్తిగ చెల్లింపకమున్నే కప్పుపై నీళ్ళు పోయించి చూడుమని, గతుకులదారిపై నడిపించుమని, చట్రమునకు ఇంటికి కలిపి ఒక్కరే పూచీ వ్రాసి యిచ్చునట్లు అడుగుమని చెప్పుడు. మన తాతలు క్రొత్తపడవను రేవున గట్టి, నీరు హెచ్చుచున్నదో తగ్గుచున్నదో చూచిరి. చేసినవాడు మనకు దూరమైనకొలది ఆ పరీక్ష మఱింత అవసర మగుచున్నది. వస్తువు క్రొత్త దనుట దాని మంచితనమునకు సాక్ష్యము కాదు. నీటిలో దిగి నిలిచినదే నావ.