కార్నివాల్ ఆఫ్ సోల్స్

కార్నివాల్ ఆఫ్ సోల్స్ 1962లో విడుదలైన అమెరికన్ భయానక చలనచిత్రము. హెర్క్ హార్వీ స్వయముగా నిర్మించి, దర్శకత్వము వహించాడు. రచన జాన్ క్లిఫర్డ్. కాండేస్ హిల్లిగాస్ ప్రధాన పాత్రధారిణి. ఇది సుమారు 78 నిమిషాల నిడివి గల నలుపు తెలుపు చిత్రము. పేరును తెలుగులో చెప్పుకోవాలంటే 'ఆత్మల తిరునాళ్ళు' అనవచ్చును. విడుదలైనపుడు ఎవరూ పట్టించుకోని ఈ సినిమా ఆ తరువాత ఇళ్ళలోని టెలివిజన్ల ద్వారానే ప్రేక్షకులకు చేరువైనది.

చిత్రకథ

ముగ్గురు యువతులు ఉన్న కారు, యువకుల కారుతో పందెము వేసుకొని వంతెన పైనుండి నదిలో పడిపోతుంది. వెదుకులాట సాగుతుండగా, కొన్ని గంటల తరువాత మేరీ హెన్రీ అనే యువతి మాత్రము ఒంటినిండా బురదతో ఒడ్డుకు వస్తుంది. ఎలా బయటపడినదో ఆమెకే గుర్తుండదు. ఆర్గన్ వాద్యకారిణి అయిన మేరీ యూటా రాష్ట్రములోని ఒక చర్చిలో ఉద్యోగానికి బయలుదేరుతుంది. దారిలో కారు కిటికీ అద్దములో పాలిపోయిన ముఖము ఒకటి కనిపిస్తుంది. ఆ మనిషి ఇక ఆమెను వదలడు. సరస్సు పక్కన పాడుబడిన వినోదశాల ఒకటి ఆమెను తనవైపు లాగుతూ ఉంటుంది.

ఒక దుకాణములో బట్టలు చూస్తుండగా ఉన్నట్టుండి లోకములోని శబ్దాలన్నీ ఆగిపోతాయి. ఎదుటివారికి ఆమె కనబడదు, ఆమె మాట వినబడదు. రక్తపాతము గాని, వికృతాకారాలు గాని లేకుండానే ఇంతగా భయపెట్టే సన్నివేశాలు అరుదు. ముగింపు ఇక్కడ వ్రాయుట భావ్యము కాదు.

నిర్మాణము

హార్వీ కాన్సాస్ రాష్ట్రములోని లారెన్స్ పట్టణములో సెంట్రాన్ అనే సంస్థలో విద్యా, పారిశ్రామిక లఘుచిత్రాలు తీసేవాడు. కాలిఫోర్నియా నుండి కారులో తిరిగి వస్తూ సాల్ట్ లేక్ సిటీ సమీపాన సాల్టెయిర్ వినోదశాలను చూశాడు. 1893లో వెలసి, 1925లో కాలిపోగా తిరిగి కట్టిన ఈ భవనము 1958లో మూతబడినది (1970లో మళ్ళీ అగ్నికి ఆహుతి అయినది). నిర్మానుష్యమైన ఆ కట్టడమే సినిమాకు బీజము. హార్వీ తన సహోద్యోగి క్లిఫర్డ్ చేత కథ వ్రాయించి, ఉద్యోగానికి సెలవు పెట్టి, సుమారు మూడు వారాలలో చిత్రీకరణ ముగించాడు. ఖర్చు దాదాపు 33 వేల డాలర్లు మాత్రమే. పాలిపోయిన మనిషి పాత్రను కూడా తానే ధరించాడు. జీన్ మూర్ ఆర్గన్ సంగీతము చిత్రానికి ప్రాణము.

విడుదల, తరువాతి చరిత్ర

పంపిణీ సంస్థ దివాలా తీయడముతో నిర్మాతలకు రావలసిన సొమ్ము అందలేదు. హార్వీ మరొక కథాచిత్రము తీయనేలేదు. పైగా ప్రతులపై కాపీహక్కు ప్రకటన లేనందువలన, నాటి అమెరికా చట్టము ప్రకారము చిత్రము ప్రజల ఉమ్మడి సొత్తు అయిపోయినది. హార్వీకి ఇది నష్టమే. కానీ రాత్రివేళ టెలివిజన్ ప్రసారాలలో చిత్రము బ్రతికి ఉండటానికి ఇదీ ఒక కారణమని చెప్పవచ్చును. 1989లో థియేటర్లలో తిరిగి విడుదలై ప్రశంసలు పొందినది. హార్వీ 1996లో మరణించాడు. 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' (1968) దర్శకుడు జార్జి రొమెరోపై దీని ప్రభావము ఉన్నది.

చూచువారికి సూచన

సహాయ నటుల నటన కొంత బిగుసుకుపోయినట్లు ఉంటుంది. పెదవుల కదలికకు, మాటకు అక్కడక్కడ పొంతన కుదరదు. మొదటి భాగము నెమ్మదిగా నడుస్తుంది. ఇవి ఓర్చుకొనదగినవే. ఇంటర్నెట్‌లో ఉచితముగా లభించే ప్రతులలో చాలావరకు మసకగా ఉంటాయి గనుక, క్రైటీరియన్ సంస్థ పునరుద్ధరించిన ప్రతి దొరికితే అదే మేలు. దీపాలు ఆర్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని చూసినచో శబ్దాలు ఆగిపోయే ఘట్టాల బలము తెలుస్తుంది. 1998లో ఇదే పేరుతో వచ్చిన చిత్రానికి దీనితో పోలిక చాలా తక్కువ.