కాలయంత్రమును గజపతికన్యయు

కాలమును దాటివచ్చిన కన్య కథ మనకు క్రొత్త గాదు. భాగవతము నవమస్కంధమున రేవతి వృత్తాంతము గలదు. కకుద్మి యను రాజు తన కూతునకు దగిన వరుని నడిగి తెలిసికొనుటకై యామెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు బోయెను. అచ్చట గానము జరుగుచుండెను. అది ముగియువఱకు నతడు క్షణకాలము నిలిచెను. ఆ క్షణములో భూమిమీద 27 మహాయుగములు గడచెను. తండ్రి మనసులో నెంచుకొన్న వరులే కాదు, వారి వంశముల పేర్లును మిగులలేదు. బ్రహ్మ మాటచొప్పున నామెను బలరామున కిచ్చి పెండ్లి చేసిరి. ఇది చదువరు లెఱిగినదే. విష్ణుపురాణములో నింకొక ముచ్చట గలదు. పూర్వయుగమునాటి దగుటచే నామె మిక్కిలి పొడగరిగా నుండెనట. బలరాముడు నాగటికొనతో నామెను వంచి తనకు దగినంత పొట్టిదానిని జేసికొనెనట! ఇన్ని యుగములు దాటివచ్చిన యువతిని నీ యిష్టమేమని యడిగినవా రా కథలో నొక్కరును గానరారు.

ఇంగ్లండులో వెల్సు 1895లో కాలయంత్రమును నవల కెక్కించెను. తెలుగువారి ముంగిటి కది 1991లో చలనచిత్రముగా వచ్చినది. సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’లో ఆచార్యుడొకడు యంత్రమును గట్టును. ఆయన కూతురు హేమయు, ఆమె మెచ్చిన యువకుడును దానిలో 1526నాటి కృష్ణరాయల కాలమునకును, పిమ్మట 2504వ సంవత్సరమునకును బోవుదురు. రాయలనాటి వజ్రమొకటి ప్రదర్శనశాలనుండి దొంగల పాలగుట ఇందలి చిక్కుముడి. జంధ్యాల సంభాషణలు నేటికిని నవ్వించుచున్నవి. రేవతికి వరుని వెదకుటకు తండ్రి పోయెను. హేమ తాను వరించినవానితోనే పోయెను. ఈ భేదము చిన్నది కాదు. ఇన్నియుగముల తరువాతనైనను మన కథకులు నాగలిని క్రింద బెట్టిరని సంతోషింపవచ్చును.

ఐనను నాకొక కొఱత తోచుచున్నది. యువతీయువకులు గతకాలమునకు బోయిన ప్రతిసారియు రాజసభలోనే దిగవలెనా? అచ్చట పద్యములు, నాట్యము, రత్నములు. ఆ చిత్రమున ప్రియుడును రాజును ఒక్క నటుడే యగుటవలన గతకాలమంతయు మన యింటివారిదే యన్న భ్రమ మఱింత బలపడును. గుంటూరు ప్రక్కనున్న నల్లపాటి చేలలో 1515లో ఆ యంత్రము దిగియుండిన నేమి కనబడును?

మొదట మిరపచేను కనబడదు. మిరప అమెరికా ఖండముది. 1498లో కల్లికోటకు వచ్చిన పోర్చుగీసువారి వెనుకనే క్రమముగా నది మన దేశమున వ్యాపించినది. నేడు గుంటూరు పేరు చెప్పగానే నోరు మండునుగాని, ఆనాటి గృహిణి కారమునకు మిరియమునే నూఱుకొనవలసియుండెను. పొగాకును లేదు. ప్రత్తి మాత్రము మన పాతపంటయే. నల్లపాటికి చేరువనున్న కొండవీటికోటచుట్టు రాయల సైన్యములు విడిసియుండును. ఉదయగిరి 1514లోనే పడినది. 1515లో గజపతులనుండి కొండవీడును రాయలు గెలుచుకొనెను. గజపతి కుమారుడు వీరభద్రుడు బందీ యయ్యెను. మనము విజయోత్సవమని చదువుకొను దినములు పొలముగలవానికి ఎట్టివో యూహింపుడు.

యుద్ధము ముగిసి సంధి కుదిరెను. ప్రతాపరుద్ర గజపతి తన కూతును రాయల కిచ్చెను. కృష్ణకు దక్షిణమున నున్న నేల రాయలకు దక్కెను. ఉత్తరపు దేశము గజపతికి మరల లభించెను. ప్రేమకథ యనిన నిదియే మన నేలమీది ప్రేమకథ. నిజమైన చిక్కుముడియు నిక్కడనే యున్నది. ఆమెను తుక్కాదేవి యని కొందఱు, అన్నపూర్ణ యని కొందఱు, జగన్మోహిని యని మఱికొందఱు వ్రాసిరి. పుట్టినింటికిని మెట్టినింటికిని ముద్రవంటిదైన స్త్రీకి ఒక్క పేరైన స్థిరముగా నిలువలేదు! ఆమె మొదటి రాత్రియే రాయలను జంప దలచెననియు, మంత్రి తిమ్మరుసు కనిపెట్టెననియు నొక జనశ్రుతి. పరాయి నగరిలో, శత్రువుల కాపలానడుమ, తోడులేని పిల్ల కత్తి పట్టెననుట నేను నమ్మజాలను. భర్త యనాదరమునకు కారణము కావలసివచ్చినపుడు నేరము భార్యమీదికి నెట్టుట మన యిండ్లలో నేడును చూచుచున్నదే. ఆమె రచనగా చెప్పబడు తుక్కాపంచకమను నైదు సంస్కృతశ్లోకములలో తుమ్మెద వాసన చూడక విడిచిన సంపెంగపువ్వు మాట వచ్చును. అవి యామెవే యైనచో, ఈ వ్యవహారమున నిందితురాలి వాఙ్మూలము అదొక్కటియే.

రాయలు విడిచిన పిదప నామె కంభమున నుండెనని చెప్పుదురు. అచ్చటి పెద్దచెరువును కట్టించిన వరదరాజమ్మ గజపతికన్య యనియు జనశ్రుతి గలదు. ఆ చెరువు కొండల నడుమ నేటికిని నిలిచియున్నది.

కంభమునకు బోవుటకు కాలయంత్ర మక్కఱలేదు. గుంటూరున నంద్యాల రైలెక్కినచో నల్లపాడు దాటగానే మిరప, ప్రత్తిచేలు మొదలగును. తరువాత ఫిరంగిపురము, కొండవీటికి దిగవలసినవా రచ్చట దిగుదురు. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ దాటి కొన్ని గంటలలో కంభము చేరవచ్చును. ఈ కాలపు పిల్లలకు కథ వ్రాయబూనినవారు తమ నాయికను ఆ చెరువుకట్టమీద దింపుదురు గాక. వజ్రము జాడ తరువాత తీయవచ్చును. కట్టమీద నిలిచియున్న యామెను ముందు పేరడుగవలెను.